గట్టెక్కినవాడి చేతి ముద్ద

ఒక పరుపుకు సరిపడా దూది ఏకాలంటే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఒకేచోట వంగి కూర్చోవాలి. విల్లు నారి ఠంయ్ ఠంయ్‌మంటుంటే దూది లేచి మన ముక్కులోకి, మీసాల్లోకి, ఆ ఇంటివాళ్ళ పప్పుకుండలోకి కూడా పోతుంది. అంతసేపూ ఇంటావిడ మనల్ని తిట్టుకోకుండా ఉండాలంటే చేతితోపాటు నోరు కూడా ఆడుతూ ఉండాలి. మా నాయన నోరు మూసుకొని పని చేసేవాడు. అందుకే ఆయన్ని పరుపు చినిగినప్పుడే పిలిచేవాళ్ళు. నన్ను పరుపు బాగున్నప్పుడు కూడా పిలిచేవాళ్ళు.

కర్నూలు నుంచి కడప దాకా నేను చెప్పని అబద్ధం లేదు. తుంగభద్రలో మొసలి ఒకటి మా పరుపును మింగిందనీ, కడుపులో దూది నాని ఉబ్బి అది పడవలాగా తేలిందనీ, నేను దాని మీదెక్కి ఏరు దాటి, ఒడ్డున దిగేటప్పుడు మర్యాదగా దాని తోక పట్టుకొని సలాం చేశాననీ చెప్పేవాణ్ణి. మొసలి ఆ తరవాత ఎటు పోయిందని పిల్లలు అడిగేవాళ్ళు. పెద్దలు నవ్వి ఇంకో గ్లాసు మజ్జిగ పోయించేవాళ్ళు. ఆ కథల వల్ల ఎవరికీ ఏమీ పోలేదు. అందరికీ అవి అబద్ధాలని తెలుసు, నాకు వాళ్ళకు తెలుసని తెలుసు.

మంత్రాలయం బండాయన కథ ఒక్కటే దారి తప్పింది.

ఒక మిషను ఆసుపత్రివాళ్ళు దిండ్లు కుట్టడానికి నన్ను పిలిపించారు. అక్కడి కాంపౌండరు నా మొసలిని ఓపికగా విని, ఇంతకంటే వింత నేను చెబుతానని, విలాయతి డాక్టర్లు కొత్తగా చేస్తున్న కోత గురించి చెప్పాడు. వెన్నుపూసలు లోపల పుచ్చి మనిషి ముందుకు వంగిపోతుంటే, మోకాటి కింద ముందుండే ఎముక నుంచి సన్నని బద్దను కోసి తీస్తారట. వీపు తెరిచి, పుచ్చిన పూసలకు పైనా కిందా ఉన్న గట్టి పూసలను కలిపేటట్టు ఆ బద్దను అక్కడ పొదుగుతారట. చెట్టుకు అంటు కట్టినట్టు అది అక్కడే అతుక్కుంటుందట. తమ డాక్టరు దొర కూడా ఆ విద్య నేర్చుకొని వచ్చాడని అతను గొప్పగా చెప్పాడు.

ఇంత మంచి సరుకును ఊరికే వదలడం నా చేత కాలేదు. కాకపోతే కథకు ఒక మనిషి కావాలి. మంత్రాలయం పోయే యాత్రికులను రైలు స్టేషను నుంచి మఠానికి ఒంటెద్దు బండిలో తోలే ఆయన ఒకాయన ఉండేవాడు. చలికాలంలో ఆ వైపు బొంతలు అమ్మడానికి పోయినప్పుడు ఆయన బండిలోనే నేను తిరిగేవాణ్ణి. జర్మనీ యుద్ధానికి పోయి వచ్చిన పాత సిపాయి. బండి ఎంత గుంతలో పడినా ఆయన నడుము మాత్రం పాతిన గుంజలాగా నిలువునా ఉండేది. మోకాటి కింద జానెడు పొడుగు మచ్చ ఉండేది. యుద్ధంలో కంచరగాడిద తన్నిందని ఆయనే చెప్పాడు. నిటారు వీపు ఒకటి, ఎముక మీద మచ్చ ఒకటి. ఈ రెంటినీ కలపకుండా ఊరుకోవడం నాలాంటివాడికి సాధ్యమా?

నా కథలో ఆయన తన కాలివేళ్ళు తప్ప ఇంకేమీ చూడలేనంతగా వంగిపోయాడు. దొర ఆయన కాలి ఎముక తీసి వీపులో పెట్టాడు. ఆయన లేచి ఇంటికి పోతే, అన్నాళ్ళూ సులువుగా దూరిపోయిన వాకిట్లో ద్వారబంధం పైకమ్మి నుదుటికి తగిలి బొప్పి కట్టింది. తన మొగుడి మొహం మరిచిపోయిన పెండ్లాం ఎవరో పరాయి మనిషి వచ్చాడని తలుపేసుకుంది. ఇక్కడికి వచ్చేసరికి ఏ ఇంట్లో అయినా నవ్వేవాళ్ళు. కమలాపురంలో మా అక్క ఇంట్లో ఇది ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మా అక్క మొగుడే నాకు విల్లు పట్టడం నేర్పింది. మా బావ ఏకిన దూది ఊదితే ఎగిరేది. మాటలు తక్కువ మనిషి. నేను చెప్పేవాటికి పగలబడి నవ్వేవాడు కాదు, మీసం కింద చిన్నగా నవ్వి, ఇంకోసారి చెప్పమనేవాడు.

ఆయనకు మొదట వీపు నడిమధ్యలో నొప్పి వచ్చింది. విల్లు ముందర వంగి వంగి వచ్చిందని అందరం అనుకున్నాం. అక్క ఆముదం కాచి పట్టించింది. ఎవరో వాతలు పెట్టారు. కట్లు కట్టే ఆయన వెదురుబద్దలు వేసి బిగించాడు. అక్క బేస్తవారం బేస్తవారం కడప దర్గాకు పోయి దారం తెచ్చి కట్టింది. కొన్నాళ్ళకు భుజాల నడుమ చిన్న గడ్డలాగా ఎముక పైకి లేచింది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. తరవాత ఇంకొకటి మొదలైంది. దారిలో నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయేది, ఆయనకు తెలిసేది కాదు. వెనకాల మా అక్క వస్తూ ఆ చెప్పును తీసి, ఏమీ అనకుండా ఆయన ముందర పెట్టేది. ఆయన దాని వైపు చూసి, కాలి వైపు చూసి, మళ్ళీ తొడుక్కునేవాడు.

చెప్పు రోజూ జారడం మొదలయ్యాక ఎద్దులబండిలో స్టేషనుకు, అక్కణ్ణుంచి రైల్లో ఆ మిషను ఆసుపత్రికే తీసుకుపోయాం.

డాక్టరు దొర తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది. మమ్మల్నందరినీ మీరు మీరు అనేవాడు. కుట్టుపని బల్ల మీది దారపు కండెలను ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి, ఇదే వెన్నెముక అన్నాడు. నడిమి కండెను వేలితో నెట్టేశాడు. పైవన్నీ ముందుకు ఒరిగాయి. విల్లు వల్ల కాదు, ఇది ఎముకకు పట్టిన క్షయ అని చెప్పాడు. ఆ పుచ్చులోని చీము వెనకనున్న నరాల తాడును నొక్కుతోంది, అందుకే కాళ్ళు మొద్దుబారుతున్నాయి, ఇట్లే వదిలితే రెండు కాళ్ళూ పూర్తిగా పోతాయి అన్నాడు.

ఏం చేయవచ్చో కూడా ఆయన దాచకుండా చెప్పాడు. మొదటిది, ఏ కోతా లేకుండా పిండికట్టు చిప్పలో, గట్టి పలక మీద ఏడాదో రెండేళ్ళో కదలకుండా పడుకోవడం, ఎండ తగిలేటట్టు ఉండడం, పాలూ గుడ్లూ తినడం. పూసలు వాటంతటవే అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు. రెండవది కోత. చీమును బయటికి తీసి, కాలి ఎముక బద్దను వీపులో పొదగడం. అప్పుడూ పలక మీద నెలల తరబడి పడుకోవలసిందే, కానీ అతుకు గట్టిగా ఉంటుంది. అయితే బల్ల మీదనే ప్రాణం పోవచ్చు, పుండు మానక చీము పట్టవచ్చు. బద్ద అతుక్కున్నాక ఆ పూసలన్నీ ఒకే ఎముక అవుతాయి, వీపు ఇక విల్లులాగా వంగదు, కింద పడినది తీసుకోవాలన్నా మోకాళ్ళు నేలకు ఆనించి తీసుకోవాలి, దూది ఏకే పని మరిచిపోవాలి. నేను కోయమనీ చెప్పను, వద్దనీ చెప్పను, మీరు ఆలోచించుకోండి అని లేచిపోయాడు.

పని పోతుందన్న మాటకు అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను మాత్రం, చెప్పుకుంటే సిగ్గుచేటు, కండెలు పేర్చి చూపించడాన్ని నా కథలో ఎక్కడ అతికిస్తే బాగుంటుందా అని చూస్తున్నాను.

అప్పుడు అక్క నా వైపు తిరిగింది.

"అబ్బీ, ఆ మంత్రాలయం బండాయన ఇప్పుడు బాగా నడుస్తాండాడు కదా?"

మంచం మీద బావ కూడా కళ్ళు తిప్పాడు. పక్క మంచం మీద ముద్దనూరు వైపు గొర్రెలకాపరి ఒకాయన, ఇదే జబ్బుతో వచ్చినవాడు, తల పక్కకు పెట్టి వింటున్నాడు.

"నడుస్తాండాడు" అన్నాను.

"నువ్వు కండ్లారా చూసినావా? నీ మొసలి మాదిరి కాదు కదా?"

పాపం, తలుపు తెరిచి పెట్టింది. అందులోనుంచి బయటికి వచ్చేయవలసింది. మొసలి మాదిరే అక్కా అని ఒక్క మాట అంటే ఆమె నన్ను తిట్టి, వాళ్ళిద్దరూ వాళ్ళకు తోచింది చేసుకునేవాళ్ళు. కానీ ఆమె మొహంలో ఒక ఆశ లేచి నిలబడింది. దాన్ని కూలదోసేవాణ్ణి నేను కాకూడదనిపించింది. అదంతా జాలి అని చెప్పుకోవాలని ఉంది. నలుగురూ నా మాట కోసం చూస్తుంటే నాకు కలిగే సంతోషం కూడా అందులో ఉంది.

"చూసినాక్కా."

అంతే. నా అబద్ధాలన్నీ పొడుగువి. ఇది ఒక్క ముక్క.

దానితో అయిపోతుందనుకున్నాను. మా వాళ్ళ పద్ధతి నాకు గుర్తుకు రాలేదు. మా ఇళ్ళలో పెద్ద గండం ముందు, అదే గండం గట్టెక్కినవాళ్ళ చేతి ముద్ద తినాలి. తొలికాన్పుకు పోయే పిల్లకు, సుఖంగా కని లేచిన ఆడమనిషి ముద్ద పెడుతుంది. వాంతులూ భేదులూ పట్టి గత్తర తగిలినవాడికి, గత్తర వచ్చి బతికినవాడు గంజి తాగిస్తాడు. ఆ చేతిలోని బతుకు ఈ ఒంట్లోకి వస్తుందని మా వాళ్ళ నమ్మకం. కోతకు సరేనని దొరకు చెప్పబోతూ అక్క ఆగింది. బండాయన్ని పిలుచుకొని రా, ఆయన చేతి ముద్ద తినందే ఈయన్ని బల్ల మీదికి పంపను అంది.

ఆ పగలంతా నేను ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఆయన చచ్చిపోయాడని చెబుదామా అంటే, కోతతోనే చచ్చాడనుకుంటారు. ఊరు విడిచిపోయాడంటే అక్క ఆ ఊరు ఏదని అడిగి తానే బయలుదేరుతుంది. నిజం చెబుదామని రెండు అడుగులు లోపలికి వేశాను. అక్క బావ పాదాలకు నూనె రాస్తూ, బండాయనకు ఇంటి పైకమ్మి తగిలిన సంగతి ఆయనకు మళ్ళీ చెబుతోంది. బావ మీసం కింద నవ్వుతున్నాడు. తిరిగి వచ్చి రైలెక్కాను.

మంత్రాలయం స్టేషను బయట సిపాయి తన బండి ఇరుసుకు ఆముదం పోస్తూ కనిపించాడు. ఏదీ దాచకుండా చెప్పాను. పైకమ్మి దగ్గర ఆయన నవ్వాడు, పెండ్లాం తలుపేసుకున్న దగ్గర ఇంకా నవ్వాడు, ఆసుపత్రి దగ్గర నవ్వు ఆపేశాడు. ఎద్దు మెడ గోకుతూ అన్నాడు.

"ఇంతదాకా నా ఈపు మీద కథ చెప్పి నువ్వు అన్నం తింటివి. ఇప్పుడు నేనే వచ్చి అన్నం పెట్టల్లా?"

ఖర్చులేమైనా ఇస్తానని నసిగాను.

"దుడ్ల మాటెత్తద్దప్పా. యుద్ధంలో ఈపు ఇరిగినోళ్ళను శానామందిని చూసినా. మేము లేస్తిమి, నువ్వూ లేస్తావు అని చెప్పేకి ఆడ ఒక్కడు లేకపాయె. పా, వస్తా. ఇది నీ కోసరం మాత్రం కాదు."

రైల్లో ఆయనకు పాఠం చెప్పాను. ఎన్ని నెలలు పడుకున్నావంటే ఏమనాలి, కోత ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అంటే ఏం చూపించాలి, మత్తుమందు వాసన ఎట్లా ఉంటుంది, అన్నీ చెప్పాను. ఆయన కిటికీలోనుంచి ఎండిపోయిన చేలను చూస్తూ ఊఁ కొట్టాడు. నేను అన్నీ నేర్పాననే అనుకున్నాను.

మా ఇళ్ళలో జొన్న సంగటే ఎప్పుడూ. వరి అన్నం పండగకో పెండ్లికో. ఆ రోజు కోసం అక్క ఎక్కడో అడిగి బియ్యం గుడ్డలో కట్టి తెచ్చుకొని, ఆసుపత్రి వెనక రోగుల తాలూకు వాళ్ళు వండుకునే కొట్టంలో తానే వండింది. సిపాయి వచ్చి మంచం పక్కన ముక్కాలిపీట మీద నిటారుగా కూర్చున్నాడు. పంచె కొంచెం పైకి లాగి మచ్చ చూపించాడు. అక్క దాన్ని వేలితో తాకి ఆ వేలిని కళ్ళకు అద్దుకుంది. నేను అప్పుడు గోడ వైపు చూశాను.

నేను నేర్పిన వాటిలో సగం కూడా ఆయన చెప్పలేదు. బావ ఒక్కటే అడిగాడు.

"నొప్పి ఎన్నాళ్ళుండె అన్నా?"

"ఇప్పుడూ ఉంటాది, చలికాలంలో. దానితోనే బతుకుతాండా" అన్నాడు సిపాయి. కంచరగాడిద తన్నిన కాలు గురించి అది నిజమే.

తరవాత ముద్ద కలిపి పెట్టాడు. పడుకున్న మనిషి తల ఎత్తకూడదు కనుక, పక్కకు తిప్పిన నోట్లో పెట్టవలసి వచ్చింది. కొన్ని మెతుకులు నేల మీద పడ్డాయి. కరువు చూసిన మనిషి, వరి మెతుకు నేల మీద ఉండగా చూడలేడు. ముక్కాలిపీట మీద నుంచే గబుక్కున నడుము వంచి, ఒక్కొక్క మెతుకే ఏరి, కళ్ళకు అద్దుకొని తన నోట్లో వేసుకున్నాడు. ఆ మర్యాదకు అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇట్లాంటి మనిషి చేతి ముద్ద దొరికిందని నా చెయ్యి పట్టుకుంది. బావ చెంప దిండుకు ఆనించి నేల వైపే చూస్తున్నాడు. పడుకున్నవాడికి కనిపించేది నేలా, మనుషుల కాళ్ళే కదా అనుకున్నాను.

కాసేపటికి ఆయన, "ముద్ద దిగిందన్నా. ఇంక కోయమని చెప్పండి" అన్నాడు.

సిపాయి ఆ పూటే వెళ్ళిపోయాడు. ఆయమ్మ ఇంకోసారి నా మొగం చూసి ఏమన్నా అడిగితే నేను తట్టుకోలేను అని స్టేషనులో నాతో అన్నాడు.

కోత జరిగిన పొద్దున అక్క మెట్ల మీద దర్గా దారం వేలికి చుట్టుకొని కూర్చుంది. నేను వేపచెట్టు కింద నిలబడ్డాను, ఆమె పక్కన కూర్చోలేక. లోపలి నుంచి మత్తుమందు తియ్యని వాసన వచ్చింది. సిపాయికి నేను చెప్పిన వాసన అది కానే కాదు. బావ బతికి రాకపోతే, నా ఒక్క మాట మీద పడుకున్న మనిషిని నేనే చంపినట్టు. బతికి వచ్చి కాళ్ళు రాకపోతే, రోజూ చూస్తూ బతకాలి. మొసలిని ఎన్నిసార్లు ఎక్కానో కానీ, ఆ పొద్దున నీళ్ళల్లో ఉన్నది నేనే.

బతికి వచ్చాడు. కానీ జ్వరం పట్టుకుంది, వీపు పుండు చాలా రోజులు చీము కార్చింది. కాలి ఎముక కోసిన చోట పడే బాధకు, వీపు సంగతే మరిచిపోయానని ఆయన అనేవాడు. పలక మీద పరుపు వేయకూడదన్నారు. బతుకంతా ఊళ్ళోవాళ్ళకు పరుపులు కుట్టిన ఇద్దరం, ఒకడు చెక్క మీద పడుకున్నాడు, ఇంకొకడు పక్కన కూర్చుని ఆ చెక్కను చూశాడు. ఆ నెలల్లో నేను ఏ ఇంట్లోనూ కథ చెప్పలేదు. కడపలో ఒక సెట్టిగారమ్మ, ఏం నాయనా, కోత మీ బావకా నీ నోటికా అని అడిగింది.

ఒకరోజు బావ కుడికాలి బొటనవేలు కదిలింది. అక్క పిలిస్తే పోయి చూశాను. ఆయన దానిని మళ్ళీ మళ్ళీ కదిపి చూపించాడు, పిల్లవాడు కొత్త బొమ్మను చూపించినట్టు. నేను నవ్వబోయి ఏడ్చాను. అక్క అది ప్రేమ అనుకుంది.

వేరుశనగ చేలల్లో చెనిక్కాయలు పీకే రోజులకు ఆయన కర్ర పట్టుకొని వరండాలో నడిచాడు. అదే రోజుల్లో, కోతే వద్దని పలక మీద పడుకున్న ఆ గొర్రెలకాపరి కూడా లేచి నడిచాడు. ఇద్దరూ వరండాలో ఎదురుపడి ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. దొరను పక్కకు పిలిచి, మా బావ కోత లేకుండా కూడా లేచేవాడా అని అడిగాను. లేచేవాడేమో, లేచినా మళ్ళీ వంగిపోయేవాడేమో, కాళ్ళే పోయేవేమో, అది తెలుసుకునే దారి లేదు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాలో ముల్లులాగా అట్లే ఉంది.

విల్లు మాత్రం పోయింది. ఊదితే ఎగిరే దూది ఏకిన మనిషి, కడపలో నేను పెట్టుకున్న అంగట్లో ఎత్తు పీట మీద నిటారుగా కూర్చుని దిండ్ల మూతులు కుట్టేవాడు. పక్కనుంచి చూస్తే నా కథలోని బండాయన లాగే ఉండేవాడు. అది చూసిన ప్రతిసారీ నేను నా పని మీదికి తల దించుకునేవాణ్ణి.

కొన్నేళ్ళ తరవాత ఒక ముసలమ్మ అంగడికి వచ్చింది. కొడుకు నాపరాళ్ళ గనిలో పలకలు మోసేవాడట. అదే ఆసుపత్రి, అదే జబ్బు, అవే రెండు దారులు చెప్పారట. గట్టెక్కినవాడు ఇక్కడ ఉన్నాడని ఎవరో చెబితే, ముద్ద కోసం వచ్చింది. అక్క అప్పటికప్పుడు బియ్యం కట్టి ఇచ్చి, అంగడి తాను చూసుకుంటానని మమ్మల్నిద్దరినీ పంపింది.

ఆ పిల్లవాడి మంచం పక్కన బావ కూర్చుని అంతసేపు మాట్లాడతాడని నేను అనుకోలేదు. నేను నడుస్తాను, కానీ నా పని పోయింది అన్నాడు. కాలి ఎముక చలికి నొస్తుంది అన్నాడు. నా పక్కన ఒకాయన కోత లేకుండానే లేచాడని, ఆయన ఎట్లా ఉన్నాడో ఇప్పుడు తెలియదని, కోతకు పోయి రానివాళ్ళు కూడా ఉంటారని చెప్పాడు. నన్ను చూసి సరే అనద్దు, దొరను అన్నీ అడుగు అన్నాడు. ఇట్లా చెబితే ఎవడు కోతకు ఒప్పుకుంటాడని నాకు లోపల విసుగు వచ్చింది. పిల్లవాడు మాత్రం ఊపిరి వదిలి, కోయించుకుంటాను అన్నాడు. ఆ ఊపిరి మా బావకు నేను ఇవ్వలేదు.

ముద్ద పెట్టేటప్పుడు ఒక మెతుకు నేల మీద పడింది.

బావ కర్రను మంచానికి ఆనించాడు. మంచం కోడు పట్టుకొని ఒక మోకాలు దించాడు, తరవాత రెండోది. వీపు నిలువునా అట్లే ఉంది. చెయ్యి చాపి మెతుకు తీసుకొని కళ్ళకు అద్దుకున్నాడు. అక్కణ్ణుంచే తల తిప్పి నా వైపు చూశాడు.

"ఇట్ల తీయాల, బామ్మర్దీ" అన్నాడు.

నాకు అప్పుడు దారపు కండెలు గుర్తుకు వచ్చాయి. దొర చెప్పింది గుర్తుకు వచ్చింది. గబుక్కున వంగి మెతుకులు ఏరిన సిపాయి గుర్తుకు వచ్చాడు. దిండు మీద చెంప పెట్టి నేల వైపు చూసిన మనిషి గుర్తుకు వచ్చాడు.

స్టేషనులో రైలు కోసం కూర్చున్నప్పుడు అడిగాను.

"ఎప్పుడు తెలిసె బావా?"

"ఆ పొద్దే. అట్ల వంగే ఈపులో అతుకుంటాదా?"

"మరి కోతకు ఏల ఒప్పుకుంటివి?"

ఆయన కర్రతో నేల మీద ఇసుకను అటూ ఇటూ చదును చేశాడు. "నడవాలని నాకూ ఆశ ఉండె. సగం అది. ఇంక సగం మీ అక్క. ఆయమ్మ నిన్ను నమ్మి బియ్యం అడుక్కొచ్చి వండె. నేను వద్దంటే ఎందుకని అడుగుతాది. నీ తమ్ముడు అబద్ధమాడినాడని నా నోటితో చెప్పాల్నా?"

అంతకాలమూ నేను చేసినది తప్పే అయినా, ఆయనకు ధైర్యమైతే ఇచ్చాను కదా అని నాకు నేను ఒక మాట చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా అబద్ధమే. ఆయన ఎవరి మాటా ఆసరా లేకుండా, ముద్ద అబద్ధమని తెలిసి, దాన్ని మింగి, ఒంటరిగా ఆ బల్ల మీదికి పోయాడు. నేను వేపచెట్టు కింద నిలబడి నా గురించి భయపడ్డాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. రైలు వస్తాంది లెయ్యి అన్నాడాయన.

అక్కకు ఇప్పటికీ తెలియదు. ముద్ద పెట్టిన చెయ్యి చలికి వణకకూడదని ఏటేటా చలికాలం ముందర తన చేత్తో ఒక బొంత కుట్టి, బండాయనకు ఇచ్చి రమ్మని నాకిస్తుంది. నేను తీసుకుపోయి ఇస్తాను. సిపాయికి వయసు మీద పడింది. బండి అమ్మేశాడు. గుంజలాంటి ఆ వీపు ఇప్పుడు నిజంగానే వంగిపోయింది, నా కథ మొదట్లో నేను వంచినంతగా వంగింది. బొంత కప్పుకొని, నీ కథ నన్నెతుక్కుంటా వచ్చిందప్పా అని నవ్వుతాడు.

ఈ ఏడు బొంత మడతపెడుతూ అక్క, నేనూ వస్తాను, ఆ మహానుభావుణ్ణి ఒకసారి చూసి దండం పెట్టుకుంటాను అంది. ఆ వంగిన వీపును చూస్తే, అతుకు ఏమైందని అడుగుతుంది. ఎన్ని అబద్ధాలు చెప్పిన నోరో, ఒక్కటీ రాలేదు.

ఎత్తు పీట మీద నుంచి బావ, దిండు మూతి కుడుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"ఆయన ఊర్లో లేడంట. కొడుకు దగ్గరికి పోయినాడంట, యాడికో."

ఆ మనిషికి కొడుకులే లేరు. మా బావ నోట అబద్ధం వినడం నాకదే మొదలు. చాలా చెడ్డగా చెప్పాడు, గొంతు కూడా కుదరలేదు. అక్క ఆయన వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, సరేలే, మళ్ళేడు పోదాం అని బొంతను నా ఒళ్ళో పెట్టింది.